పదును తగ్గిన పాటలు

2023 ఆగస్టు 9, బుధవారం, ఉదయం పది గంటల ముప్పై అయిదు నిమిషాలు. పటాన్‌చెరులో తెల్లవారినప్పటి నుంచి సన్నని ముసురు. మా వినికిడి పరీక్షా కేంద్రం కిటికీ అవతల ఫ్యాక్టరీల పొగగొట్టాలు, పొగ, మబ్బు ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. ఆనాటి చిట్టాలో రెండో పేరు లావణ్య. వయసు ఇరవై ఏడు. రుద్రారంలో గది కిరాయికి తీసుకొని ఉంటూ, నాలుగేళ్లుగా ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ మీద పనిచేస్తోంది. ఇనుప రేకును ఒక్క దెబ్బతో కావలసిన ఆకారానికి తెచ్చే యంత్రమది.

ఈ వృత్తిలో నాకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. వచ్చేవారు సాధారణంగా వినబడటం లేదనే చెబుతారు. లావణ్య ఆ మాట అనలేదు.

"నా చెవులు మంచిగున్నయని ఒక కాయితం రాసియ్యండి సార్. బీరంగూడ షాపాయనకు సూపియ్యాలె."

"ఏం షాపు?"

"ఇయర్‌ఫోన్ల షాపు. ఇది మూడో జత. మూడింట్ల గూడ పాట మెత్తగనే ఒస్తుంది. మార్చియ్యమంటే, ముందుగాల నీ చెవులు సూపిచ్చుకో పో అన్నడు. పదిమంది ముందల!"

"అయితే ఆయన మీద గెలవనీకి వచ్చినవన్నట్టు."

"గెలుస్త సార్. మీరు రాసియ్యండి."

ముందురోజు ఆమె షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి ముగిసింది. అంటే ఇరవై గంటలు దాటింది. పరీక్షకు ముందు కనీసం పదహారు గంటలు చప్పుడుకు దూరంగా ఉండాలి. లేకుంటే చెవి అలసటను మనం నష్టంగా పొరబడతాం.

బూత్ అంటే శబ్దం చొరబడని చిన్న గది. దాని తలుపు మూస్తే రోడ్డు మీది లారీలు, వాన అన్నీ ఆగిపోతాయి. మనిషి ఊపిరి ఆ మనిషికే పెద్దగా వినిపిస్తుంది. లావణ్య కళ్లు మూసుకుంది. ఆడియోమీటర్ నుంచి ఒక్కో స్వరం పంపుతాను; వినబడగానే ఆమె మీట నొక్కాలి, అప్పుడు నా ముందు దీపం వెలుగుతుంది. స్వరం సన్నదనాన్ని కొలిచే హెర్ట్జ్‌లలో 500, 1000, 2000 దగ్గర వెంటనే నొక్కింది. 4000 దగ్గర శబ్దాన్ని అయిదేసి డెసిబెల్స్ చొప్పున పెంచుతూ పోయాను. దీపం వెలగలేదు. ఆమె ముఖంలో ఏదో కలలో ఉన్నట్టు చిన్న చిరునవ్వు. స్వరం మోగుతూనే ఉంది. ఆమెకు మాత్రం ఇంకా మొదలు కాలేదు.

ఎడమ చెవికి 50 డెసిబెల్స్ దగ్గర గాని వినబడలేదు, కుడి చెవికి 45. ఇరవై అయిదు దాటకూడదు. మరోసారి చేశాను. అవే అంకెలు. వినికిడిని గీసి చూపే ఆడియోగ్రామ్‌లో గీత 4000 దగ్గర గుంతలోకి దిగి, 8000 దగ్గర మళ్లీ పైకి లేచింది. యంత్రాల రొద చెవిలో వదిలే గుర్తు అది.

"మీరు మాట్లాడేది మంచిగ ఇనవడుతుంది కద సార్. మరి గిదేంది?"

మాటలో ఎక్కువ భాగం ఆ 4000 కంటే తక్కువ హెర్ట్జ్‌లలోనే ఉంటుందని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఏ పాటలు మెత్తబడ్డాయని అడిగాను.

"డ్రమ్ అండ్ బేస్ అంటరు సార్. డ్రమ్ము దెబ్బలను ముక్కలు ముక్కలు కోసి వంకర వంకరగ అతికిస్తరు. అది బ్రేక్‌బీట్. కింద అది ఉరుకుతనే ఉంటది. పైన రాగం మాత్రం మబ్బు వోయినట్టు నిమ్మళంగ పోతది. నాకు రెండూ గావాలె. రాగం ఉండాలె, దెబ్బ గరుకుగుండాలె. అసొంటియి జల్దీ దొరకయి, దేవులాడాలె. బస్సుల నలభై నిమిషాలు పాటలు ఇంటుంట. దినం మొత్తంల నాయి అనేటియి ఆ నలభై నిమిషాలే."

నచ్చిన పాటను ఏ రోజు దాచుకున్నామో ఫోను గుర్తుంచుకుంటుంది. ఆ జాబితా అడిగాను. 2021 నవంబర్ నుంచి నూట పన్నెండు పాటలు. ఆమె వెతికిన మాటలు కూడా ఫోనులో ఉన్నాయి. తేదీల వారీగా రాసుకున్నాను. మొదట 'మెలోడిక్', అంటే రాగమున్నది. 2022 జూన్‌లో 'మెలోడిక్ హార్డ్', రాగంతో పాటు గరుకు. 2023 మార్చిలో 'మెలోడిక్ హార్డర్'. జూలైలో 'హార్డెస్ట్' మాత్రమే. రాగమన్న మాట రాలిపోయింది. గడియారం పెట్టి లెక్కించాను. మొదటి పాట నిమిషానికి 172 దెబ్బలు, చివరిది 174. వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మరింత గరుకు కావలసి వచ్చింది, అంతే. పాటలు మెత్తబడుతున్నాయనుకొని ఆమె దాదాపు రెండేళ్లుగా జారిపోతున్న తన వినికిడి వెనుకే పరుగెత్తుతోంది.

మొదటి పాట పెట్టించాను.

"దీంట్ల సన్నగ ఇసుక జల్లినట్టు సప్పుడుండె సార్. ఇప్పుడు తీసేసిండ్రు."

హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. నాకప్పుడు అరవై ఒక్క ఏళ్లు. ఆ జనవరిలో నా చెవులను నేనే కొలిచాను. 4000 దగ్గర 25. కింద డ్రమ్ములు తొట్రుపడుతూ పరుగెడుతున్నాయి. పైన రాగం తేలిపోతోంది. ఆ రెండింటి నడుమ, జల్లు జల్లుగా, సన్నని ఇసుక.

"ఇసుక ఉంది బిడ్డా."

ఆమె నా చెవుల మీది హెడ్‌ఫోన్ వైపు చూసింది.

"ఇప్పుడు గూడ ఒస్తుందా?"

"వస్తుంది."

"ఏడేడ ఒస్తుందో జెర కొట్టి సూపియ్యండి సార్."

గోటితో బల్ల మీద కొట్టి చూపించాను. పాట ముగిసే దాకా ఆమె నా గోటినే చూస్తూ కూర్చుంది.

పోయిన వినికిడి తిరిగి రాదని చెప్పాను. దాచి చెప్పడం నాకు చేతకాదు.

"ఇగ ఇనుడు బంద్ చెయ్యాల్నా?"

"వద్దు. సౌండు సగానికి దించు. ఆ నలభై నిమిషాలు నీకే ఉంటయ్. ప్రెస్ కాడ ఎనిమిది గంటలు చెవులు మూసుకో. ప్లగ్గులు ఇయ్యలేదా?"

"ఇచ్చిండ్రు. అవి పెట్టుకుంటే పక్క మిషిన్ మల్లమ్మక్క పిలిస్తే ఇనవడదు సార్."

"చెయ్యి ఊపమను."

"ఆమె చెయ్యి ఊపితే మిషిన్లో పడతది!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను రాసిచ్చింది ఆమె కోరిన కాగితం కాదు. అయినా దాన్ని షాపాయనకు చూపిస్తానంది. "ఆయననే గెలిచిండని చెప్పాలె గద."

2024 ఏప్రిల్ 24న మళ్లీ కొలిచాను. ఎడమ 50, కుడి 45. ఒక్క డెసిబెల్ కూడా దిగజారలేదు. "ఇప్పుడు గరుకు పైకెళ్లి దేవులాడుతలేను సార్, కిందికెళ్లి. బేస్‌ల, ఆ లావు సప్పుళ్లల. ఆడ గూడ మస్తుంది" అని చెప్పింది.

వినికిడి పోతున్నప్పుడు మనిషికి తన చెవి మీద కాక, ముందుగా లోకం మీదే అనుమానం కలుగుతుంది. లావణ్య నుంచి నేను నేర్చుకున్నది ఇదే. అందుకే నా ప్రశ్నల పత్రంలో ఒకటి చేర్చాను: "మీకు ఇష్టమైన చప్పుడు ఏదైనా ఈ మధ్య మెత్తబడిందా?" నిన్న సాయంత్రం వరకు ఈ ప్రశ్న 640 మందిని అడిగాను. అవునన్నవారు ముప్పై ఎనిమిది మంది. వారిలో 4000 దగ్గర గుంత కనిపించినవారు ఇరవై ఏడు మంది.