దీనమ్మత్త తువ్వాలు

నిన్న పొద్దున ఫస్ట్ పీరియడ్. బోర్డు మీద లెక్క సగం రాశా. ఫోన్ వైబ్రేట్ అయింది. చూస్తే మేరీ, మా దీనమ్మత్త కూతురు.

క్లాసులో ఉన్నానని కట్ చేశా. వెంటనే మళ్ళీ చేసింది.

"అమ్మ వెళ్ళిపోయింది బావా."

అంతే. చాక్‌పీస్ చేతిలోనే పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడిపోయా. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో "ఏరా అల్లుడూ, మళ్ళీ పొట్ట పెంచావే" అని తిట్టిన మనిషి.

ఇంత తొందరేంటి అత్తా నీకు?

తెలియని వాళ్ళకి చెప్తా. దీనమ్మత్త మా నాన్నకి అక్క. అద్దంకి దగ్గర మా ఊళ్ళో మిరపకోతల ముఠాకి మేస్త్రి. ఆడవాళ్ళందర్నీ ఆటోల్లో ఎక్కించుకుని తెల్లారేసరికి చేలో దించేది. కల్లంలో కూర్చుందంటే కబుర్లు చెప్తూనే, అటు చూడకుండానే, ఎర్రటి కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయ ఏరి అవతల పడేసేది.

నోరు మాత్రం కాయలకంటే ఘాటు. "ఒరేయ్" అందంటే పక్క చేలో వాడు కూడా తిరిగి చూడాల్సిందే.

అలాంటి మనిషికి మూడేళ్ళ కిందట క్యాన్సర్ అన్నారు. గుంటూరులో కీమో. సగం అయ్యేసరికి జుట్టంతా పోయింది. ఎప్పుడూ తలకి ఒక గళ్ళ తువ్వాలు చుట్టుకునే ఉండేది. అది విప్పగా నేను చూళ్ళేదు, మేరీ కూడా చూళ్ళేదు.

ఒకరోజు మొండికేసింది.

"ఇక చాల్రా. మిగతా సూదులు నా వల్ల కాదు. ఉన్నన్నాళ్ళు కల్లంలో కూర్చుంటా."

డాక్టర్ చెప్పాడు. పాస్టరుగారు చెప్పారు. మేరీ కాళ్ళు పట్టుకుంది. ఊహూ.

సరిగ్గా అప్పుడే చీరాలలో క్యాన్సర్ పేషెంట్ల కోసం చారిటీ రన్ పెట్టారు. చీరాల నుంచి వాడరేవు బీచ్ దాకా. ఎవరి కోసం పరిగెడుతున్నామో వాళ్ళ పేరు రాసి చొక్కాకి పెట్టుకోవాలి. నేను అత్త పేరు ఇచ్చా.

చెప్తే నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఆవిడకి. "నువ్వా? బస్సు వెళ్ళిపోతున్నా నడిచే వచ్చే రకం నువ్వు!"

"పందెం అత్తా. నేను ఆగకుండా పరిగెడితే నువ్వు మిగతా కీమో చేయించుకోవాలి."

తలకి తువ్వాలు బిగించుకుంది. "మధ్యలో ఆగావో, కూర్చున్నావో... నేనూ ఆగిపోతా. ప్రభువు వింటున్నాడు, మాట తప్పేది లేదు."

అత్త మాటంటే మాటే. నాకు అక్కడే చెమటలు పట్టాయి.

నెల రోజులు ఊరి డొంకలో ప్రాక్టీస్ చేశా. మొదట్లో తరిమిన కుక్కలు తర్వాత జాలిగా చూడటం మొదలెట్టాయి.

రన్ రోజు తన ముఠాని రెండు ఆటోల్లో వేసుకుని దిగింది. స్టార్టింగ్ దగ్గర నా మొహం చూసి "అప్పుడే చెమటేంట్రా" అంటూ తల మీద తువ్వాలు విప్పింది.

అంతమంది ముందు. నున్నటి గుండు.

నా మెళ్ళో వేసి "తుడుచుకుంటా పో" అంది.

"అందరూ చూస్తారత్తా..."

"చూడనీరా. నువ్వు ఆ పొట్టేసుకుని సిగ్గు లేకుండా పరిగెత్తట్లా?"

ఆటోలు వాడరేవుకి ముందెళ్ళిపోయాయి. నేను బయల్దేరా. సగం దూరం బానే ఉన్నా. కళ్ళల్లోకి చెమట కారుతుంటే తువ్వాలు తీసి మొహమంతా గట్టిగా రుద్దా.

అమ్మో!

ముందురోజంతా ఆవిడ అదే తువ్వాలుతో కల్లంలో కూర్చుంది. చేతులు తుడుచుకున్నదీ దాని వేలాడే కొసలకే. పుట్టిందగ్గర్నుంచి మిరపలోనే ఉన్నోళ్ళం కదా, ఆవిడకీ తట్టలా, నాకూ తట్టలా. కళ్ళు, ముక్కు, పెదాలు, ఒకటే మంట.

వాలంటీర్ మేడం నీళ్ళిచ్చింది. కొట్టుకుంటే ఇంకా మండింది. "కూర్చోండి సార్, ప్లీజ్" అని చెయ్యి పట్టుకుంది.

"కూర్చుంటే మా అత్త చచ్చిపోద్దండీ!" అని అరిచి, విదిలించుకుని పరిగెత్తా.

రోడ్డు పక్కన జనం నా ఏడుపు చూసి, చొక్కా మీద పేరు చూసి, ఒకటే చప్పట్లు. ఒకాయన వీడియో తీస్తూ తనూ ఏడ్చేశాడు. నాకేమో రోడ్డే కనపడట్లా. ముందువాళ్ళ బూట్ల చప్పుడు పట్టుకుని పోయా. ఎండుచేపల వాసన తగిలాక వాడరేవు వచ్చిందని తెలిసింది.

అప్పుడు వినపడింది అత్త గొంతు. "ఆగమాకరా అల్లుడూ! ఆగావంటే చంపుతా!"

పోయి ఆవిడ మీదే పడ్డా. నా కళ్ళు చూసింది. తువ్వాలు వాసన చూసింది. ఇసకలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"నాకోసం కళ్ళు పోగొట్టుకునేవాడివి కదరా, సన్నాసీ."

ముఠాలో ఒకావిడ ఎక్కణ్ణుంచో పెరుగు తెచ్చి నా మొహాన పూసింది.

తర్వాతి కీమో రోజు మేం లేచేసరికే సంచీ సర్దుకుని బస్టాండ్‌లో కూర్చుంది. మిగతావి ఒక్కటి కూడా ఎగ్గొట్టలా. ఆ తర్వాత రెండు సీజన్లు కోతలు చేయించింది. రన్‌లో నాకిచ్చిన మెడల్ తన మెళ్ళో వేసుకుని చర్చికి కూడా పోయింది.

ఈసారి జబ్బు తిరగబెట్టినప్పుడు మాత్రం పందెం వెయ్యనివ్వలా. "నువ్వు పరిగెత్తింది చాల్రా" అంది.

దానికి నాకు ఇప్పటికీ కోపమే అత్తా. ఇంకోసారి పరిగెత్తేవాణ్ణి. చీమకుర్తి దాకా పరిగెత్తమన్నా పరిగెత్తేవాణ్ణి.

ఇవాళ మధ్యాహ్నం మట్టి వేసి వచ్చాం. ముఠాలో ఒక్కళ్ళు కూడా కోతకి పోలేదు.

సమాధి దగ్గర మేరీ ఆ గళ్ళ తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రోజు మంట గుర్తొచ్చి మొహానికి దూరంగా పట్టుకున్నా.

"పర్లేదు తుడుచుకో బావా. ఆ రన్ తర్వాత అమ్మ దాన్ని మళ్ళీ కల్లంలోకి తీసుకెళ్ళలా. శుభ్రంగా ఉతికి, అల్లుడిది అని చెప్పి బీరువాలో దాచింది."

తుడుచుకున్నా. సబ్బు వాసన. మంట లేదు.

ఈసారి కాయ ఘాటు అని చెప్పుకోవడానికి కూడా లేదత్తా. అయినా కళ్ళు ఆగట్లా.

నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. ఇక సూదులు లేవు, నొప్పి లేదు. ప్రభువు దగ్గర హాయిగా పడుకో దీనమ్మత్తా.