చెప్పులు వెతికే బాబాయి

బాబాయిని ఏదైనా అడిగితే జవాబు చెప్పడు. చెప్పులు వెతుక్కుంటాడు.

వెతుక్కుని "పద, చూసొద్దాం" అంటాడు. టైమెంతయిందని అడిగినా అంతే, వానొచ్చేలా ఉందా అని అడిగినా అంతే. ఒక చెప్పు గుమ్మం పక్కనే ఉంటుంది, రెండోది ఎప్పుడూ మంచం కిందికి దూరి ఉంటుంది. "ఇంట్లో ఉప్పుందా అని అడగాలంటే భయం తల్లీ, సముద్రానికి బయల్దేరదీస్తాడు" అనేది పిన్ని. పాపం, ఆవిడది పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పి ఇంటికొస్తే, ఆవిడకి జవాబు చెప్పే దిక్కులేదు.

బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. స్కూటరు వెనక పనిముట్ల పెట్టె, ముందు నిలబడి చిటికె. చిటికె అంటే ఆయన అన్నకూతురు, చిటికెడంత ఉండేదని ఆయనే పెట్టిన పేరు. వాళ్ళమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసి కొండమీద ఆసుపత్రిలో చేరింది. నాన్న ఆవిడకి తోడుగా అక్కడే ఉండిపోయాడు. పిల్లల్ని లోపలికి రానివ్వరు కాబట్టి చిటికెని తెచ్చి వీళ్ళింట్లో దింపారు.

దింపి, దగ్గర్లో ఉన్న బళ్ళో వేశారు. చదువుతో గొడవేం లేదు. చిక్కంతా బడి వదిలాకే. గేటు దగ్గరికి అందరి అమ్మలూ వచ్చేవాళ్ళు. చిటికె సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూచుని, "మా అమ్మా వస్తుంది" అని కదిలేది కాదు. పిన్ని బతిమాలింది, కసిరింది, బిస్కట్లు చూపించింది. చివరికి రోజూ ఏడుస్తున్న పిల్లని చంకనేసుకుని రావడమే అయ్యేది. ఒకరోజు బాబాయి వెళ్ళాడు. ఆయనా ఆ మెట్టు మీదే పక్కన కూచున్నాడు, వాచ్‌మన్ గేటు వేసేదాకా. మర్నాటి నుంచి బడి మాన్పించేశాడు.

"మరి చదువో?" అంది పిన్ని.

బాబాయి చెప్పులు వెతుక్కున్నాడు.

ఇక చూస్కోండి. ఏడెనిమిదులెంత అని చిటికె అడిగితే గోడ కడుతున్న మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అడ్డానికి ఎన్ని ఇటుకలు, పైకి ఎన్ని వరసలు అని ఇద్దరూ వేళ్ళు మడుస్తూ నిలబడ్డారు. "మీ లెక్క సంగతేమో గానీ బాబూ, నా లెక్క తప్పుతోంది" అన్నాడు మేస్త్రీ. దారం ఎక్కణ్ణించి వస్తుందంటే మిల్లుకి తీసుకెళ్ళాడు. చీమలు ఎక్కడికి పోతున్నాయంటే వాటి వెనకాలే మోకాళ్ళ మీద పాక్కుంటూ పక్కింటి వంటింట్లోకి వెళ్ళారు.

"ఏవిటండీ ఇది?" అంది పక్కింటావిడ, గరిటె పట్టుకుని.

"రండి, చూద్దాం" అన్నాడు బాబాయి.

ఆవిడ కాసేపు చూసి, గరిటె పక్కన పెట్టి, తనూ మోకాళ్ళ మీద కూచుంది. ఆ పూట వాళ్ళింట్లో కూర మాడింది.

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న మాత్రం ఒకటుంది. "అమ్మ ఎప్పుడొస్తుంది బాబాయ్?"

దానికీ అంతే. "పద, చూసొద్దాం."

బస్టాండుకి వెళ్ళేవాళ్ళు. కొండ బస్సు సాయంత్రం ఎండ వాలే వేళకి వచ్చేది. దాని బోర్డు అందరికంటే ముందు తనే చదవాలన్న ఆత్రంలోనే చిటికెకి చదవడం వచ్చేసింది. దిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసేది. "ఈ బస్సులో రాలేదు" అనేది. "రాలేదు" అనేవాడు బాబాయి. అంతకు మించి ఒక్కమాట కలిపేవాడు కాదు. తర్వాత పక్క బస్సు ఎక్కడికి పోతుందని అడిగేది. ఒక్కోసారి ఆ బస్సెక్కి, ఆ ఊరేదో చూసి, దాని వంతెన కింద రాళ్ళేరుకుని, తిరుగు బస్సులో వచ్చేవాళ్ళు. అమ్మ మీద బెంగ తగ్గిందని కాదు. ఆ బెంగకి కాళ్ళొచ్చాయి. మూల కూచుని ఏడవడం మానేసి ఊళ్ళు తిరిగింది.

ఇంత సుఖంగా సాగుతుంటే ఎవరు ఊరుకుంటారు? పిల్లని బడి మాన్పించి రోడ్లమ్మట తిప్పుతున్నాడని ఎవరో చేరవేశారు. చదువుల ఆఫీసరమ్మ ఇంటికొచ్చింది. పిల్లకి ఏమీ రాదని తేలితే రేపే బడికి పంపాలంది. చిటికె వెళ్ళి బాబాయి వెనక నిలబడింది. బడంటే మళ్ళీ ఆ గేటే.

"నదిలోకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయమ్మా?" అంది ఆఫీసరమ్మ.

చిటికె లేచి గుమ్మం దగ్గరికెళ్ళి, ఆఫీసరమ్మ చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది. "పదండి, చూసొద్దాం."

పిన్ని నెత్తి కొట్టుకుంది.

వీధి చివర కాలవ దగ్గర మొదలుపెట్టి, దాని గట్టునే నడిపించింది చిటికె. ఇదిగో ఇక్కడ సబ్బుల కార్ఖానా నీళ్ళు కలుస్తాయి, వాసన చూడండి. ఇక్కణ్ణించి కప్పలుంటాయి. ఈ రాయి మీద కాలు పెట్టకండి, జారుతుంది. ఆఫీసరమ్మ దానిమీదే పెట్టింది. చెప్పు తెగింది. బాబాయి జేబులోంచి సూదీ, లావు దారమూ తీసి అక్కడే కుట్టిచ్చాడు. కాలవ నదిలో కలిసే చోట ఆవిడ గట్టు మీద కూలబడి, పాదాలు నీళ్ళలో పెట్టుకుని ఆయాసం తీర్చుకుంది.

"ఇంకో ప్రశ్న అడగాలనే ఉంది. ఎంత దూరం నడిపిస్తారోనని భయంగా ఉంది" అంది. మళ్ళీ ఆ ఇంటి ఛాయలకి రాలేదు.

ఒక సాయంత్రం అలవాటుగా బస్టాండులో ఉన్నారు. కొండ బస్సొచ్చింది. అందరూ దిగారు. "ఈ బస్సులో కూడా..." అనబోయింది చిటికె. వెనక తలుపులోంచి నాన్న సంచీలతో దిగి, లోపలికి చెయ్యందించాడు. ఆ చెయ్యి పట్టుకుని అమ్మ దిగింది, సగానికి సగమై, పొట్టి జుట్టుతో. చిటికె పరిగెత్తలేదు. నమ్మాలో వద్దో తెలీక బాబాయి వైపు తిరిగి చూసింది.

"పద, చూసొద్దాం" అన్నాడు బాబాయి.

ఆ తర్వాత చిటికె వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది, బళ్ళో చేరింది, గేటు దగ్గరికి అమ్మ వచ్చింది. పెద్దదైంది. ఇప్పుడు పనిచేసే ఆఫీసులో ప్రశ్న పూర్తికాకముందే ఎవరో ఒకరు ఫోన్లో చూసి జవాబు చెప్పేస్తారు. ఎవరూ కుర్చీలోంచి లేవరు. ఎండ వాలే వేళకి మాత్రం ఆమెకి ప్రాణం కొట్టుకుంటుంది. స్కూటరు ముందు నిలబడాలని, మొహానికి గాలి కొట్టాలని, వెనక పనిముట్లు గలగలమనాలని. అమ్మ కోసం బెంగపెట్టుకున్న రోజుల మీదే ఇప్పుడు బెంగ. చెబితే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

సెలవు పెట్టి బాబాయి వాళ్ళింటికి వచ్చినప్పుడు, బట్టలు మడతపెడుతున్న పిన్ని పక్కన చేరింది.

"బాబాయి పుట్టినప్పట్నించీ ఇంతేనా పిన్నీ?"

"ఇంతేనా?" పిన్ని చేతిలో దుప్పటి వదిలేసింది. "పెళ్ళైన కొత్తలో మీ బాబాయి నోరు మూసిన పాపాన పోలేదు. అడక్కముందే జవాబు చెప్పేవాడు. దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు. ఈయన నోటికి భయపడి మా అన్నయ్య రావడం మానేశాడు."

"మరి ఇలా ఎప్పుడయ్యాడు?"

"నువ్వొచ్చిన రోజునే. రాగానే అమ్మ ఎప్పుడొస్తుందని అడిగావు. వస్తుందో రాదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు, ఈయనేం చెప్తాడు? అబద్ధం ఆడలేక, చెప్పులేసుకుని నిన్ను బస్టాండుకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక నాతో అన్నాడు, 'అన్నిటికీ జవాబు చెప్పి ఆ ఒక్కదానికే చెప్పకపోతే పిల్ల కనిపెట్టేస్తుందే. ఇక దేనికీ చెప్పను' అని. మీ అమ్మొచ్చాకైనా మానతాడనుకున్నా. అప్పటికి అలవాటైపోయింది, నా ఖర్మ."

చిటికె ఆ దుప్పటి తీసి మడతపెట్టింది. తర్వాత లేచి ముందుగదిలోకి వెళ్ళింది. బాబాయి ఏదో మిషనుకి నూనె పోస్తున్నాడు. బయట ఎండ వాలుతోంది.

"బాబాయ్, పిన్ని చెప్పింది నిజమేనా?"

బాబాయి కళ్ళజోడు పైనుంచి చూశాడు. చేతులు తుడుచుకున్నాడు. గుమ్మం పక్కన ఒక చెప్పు దొరికింది. రెండోదాని కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. అదెక్కడుందని నోరు జారి అడిగితే ఇంకెక్కడికి నడిపిస్తాడోనని, చిటికె ఏమీ అడక్కుండా తనే వంగి మంచం కిందినుంచి తీసిచ్చింది.