కోర్టులో దొర అప్పజెప్పిన పాఠం
పందొమ్మిదివందల యాభైల్లో, నాకు పెళ్లయిన కొత్తలో, చోడవరంలో మా అరుగు గదిలో మిల్లులో మిషన్లు బిగించడానికొచ్చిన జర్మనీ ఫిట్టరొకడు అద్దెకుండేవాడు. తెలుగు రాదు. దీపం లేని సైకిలు తొక్కినందుకు పోలీసు కాగితం రాసి, కోర్టుకు రమ్మన్నాడు. దేశం నుంచి గెంటేస్తారని దొర భయపడి, పారిపోవడానికి పెట్టె సర్దేశాడు.

మా ఆయన ఇంగ్లీషులో నచ్చజెప్పి ఆపారు. నేను పాఠం నేర్పాను. "'తప్పైపోనాది బాబూ, ఇంకెప్పుడూ సెయ్యను' అను. తిన్నగా సెప్పకపోతే తంతాను!"

మర్నాడు కోర్టులో దొర చేతులు జోడించి, "తప్పైపోనాది బాబూ, ఇంకెప్పుడూ సెయ్యను. తిన్నగా సెప్పకపోతే తంతాను!" అన్నాడు.

వెనక బెంచీలో మా ఆయన పక్కన కూర్చున్న నేను కొంగుతో మొహం కప్పేసుకున్నాను.

"ఎవరు నేర్పారయ్యా?" అన్నారు మేజిస్ట్రేటు. మా ఆయన ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే, దొర సంతోషంగా నన్ను చూపించాడు. అందరూ ఘొల్లున నవ్వారు. మేజిస్ట్రేటూ నవ్వేసి, ఒక్క రూపాయి జరిమానాతో వదిలేశారు.

జరిమానాకని దొర తెచ్చుకున్న డబ్బులో మిగిలినదానితో ఆ పూటే సైకిలుకు దీపం కొనిపించాను. ఇప్పటికీ మనవలకు పాఠం చెబుతున్నప్పుడు 'తంతాను' అన్న మాట మాత్రం మింగేస్తాను.