వాగా, పల్లమా

ఆ పేజీని నేను పదకొండు సెకన్లు చూశాను. అంతకంటే ఎక్కువసేపు చూశానని చెప్పుకోవడానికి వీల్లేదు. ఏ పేజీ ఎవరు తెరిచారో, ఎంతసేపు చూసి ఆమోదం నొక్కారో మా సాఫ్ట్‌వేర్ నమోదు చేసి ఉంచుతుంది. ఒక సోమవారం పొద్దున సింగపూర్ వన్-నార్త్‌లోని మా ఆఫీసులో కూర్చుని ఆ అంకెని రెండుసార్లు చదివాను.

మా పని పాత చేతిరాత కాగితాలను చదివి, అందరూ వెతుక్కునేలా టైపులోకి మార్చడం. ముందు యంత్రం చదువుతుంది. అనుమానం ఉన్న మాటకి పసుపు రంగు పూస్తుంది. తర్వాత మాలో ఒకరు అసలు ఫోటో పక్కన పెట్టుకుని సరిచూడాలి. ఆ ఏడాది మా చేతిలో ఉన్నవి వేల్స్ దేశంలోని ఒక ఎస్టేటు కాగితాలు. బ్రిటన్ పడమటి అంచున, కొండల మధ్య, ఒకే కుటుంబం కింద వందల ఏళ్లు ఉన్న భూములు. కౌలు పత్రాలు, సర్వే పటాలు, అన్నిటికంటే ఎక్కువగా కోర్టు తగాదాలు. గొర్రెలు మేసే కొండ ఎవరిది, దారి ఎవరిది, నీళ్లు ఎవరివి అని ఎస్టేటు దొరలకీ కొండమీది రైతులకీ తరాల తరబడి జరిగిన వ్యాజ్యాలు. వారసులు పెట్టెలన్నీ అక్కడి ఆర్కైవ్స్‌కి ఇచ్చేశారు. వాళ్లు ఫోటోలు తీసి మాకు పంపారు.

ఆ పని నాకు నచ్చింది. మా నాన్న సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసేవాడు. తూర్పు ఫలానా వారి చేను, దక్షిణం డొంక అంటూ ఆయన చెక్కుబందీ రాయడం చూస్తూ పెరిగాను. ఒక్క దిక్కు తప్పు పడితే ఎన్ని ఇళ్లలో నిద్ర ఉండదో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పేజీ అలా దాటించాను.

సోమవారం వచ్చిన మెయిల్ ఆర్కైవ్స్ అధికారిది. ఆ లోయలో ఒక పెద్దావిడ ఒంటరిగా గొర్రెల్ని పెంచుకుంటోంది. ఆమె మంద తరతరాలుగా కొండ దిగి వాగులో నీళ్లు తాగుతుంది. ఎస్టేటు భూమిని ఈమధ్య కొనుక్కున్న కొత్త యజమాని వాగుకి పైనే, ఒక పల్లం దగ్గర తీగ కంచె వేశాడు. రెండు వందల ఏళ్లనాటి తీర్పు ప్రకారం రైతుల కొండ ఆ పల్లం దగ్గరే అయిపోతుందనీ, దాని కింద వాగు దాకా ఉన్నదంతా ఎస్టేటుదేననీ అతని వాదన. రుజువుగా మేము టైపు చేసిన పేజీ చూపించాడు. గురువారం విచారణ. ‘దయచేసి ఈ పేజీ మరోసారి చూడండి’ అని మెయిల్ ముగిసింది.

వేల్స్ వాళ్ల భాషలో నంత్ అంటే వాగు. పంత్ అంటే పల్లం. తీర్పు ఇంగ్లీషులో ఉన్నా ఆ చోటి పేరు మాత్రం వాళ్ల భాషలోనే రాసి ఉంది. కాగితం మడత సరిగ్గా ఆ పేరు మొదటి అక్షరం మీద పడింది. సిరా పాకింది. యంత్రం పంత్ అని చదివి, అనుమానంగా పసుపు పూసింది. నేను ఆమోదం నొక్కాను.

ఏ రోజు నొక్కానో చూశాను. అమ్మాయికి జ్వరమని టాంపినీస్‌లోని బడి నుంచి ఫోన్ వచ్చిన రోజది. రైలు అందుకోవాలని ఆ మధ్యాహ్నం కోటా నలభై మూడు పేజీలూ గబగబా నొక్కేసి పరిగెత్తాను.

నా పక్క సీటు అతను హైదరాబాదీ. ఈ పనిలో నాకంటే చాలా సీనియర్. నేను భాయ్ అంటాను, ఆయన చెల్లె అంటాడు. భోజనాల వేళ కింద హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే మాదని ఆపిపెట్టి, నాకోసం చూస్తున్నాడు. నేను తినడానికి ఏమీ తీసుకోకుండా కూర్చున్నాను.

“ఏమైంది చెల్లె? మొఖం గట్లుందేంది?”

చెప్పాను. ఫోన్‌లో ఫోటో చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెరని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

“ఇది నంత్ కావొచ్చు, పంత్ కావొచ్చు. ఒట్టుబెట్టి చెప్పలేం. కిందికి జరుపు, తర్వాతి లైన్ ఏముంది?”

తర్వాతి లైన్‌లో ఉంది: ఫలానా వితంతువు తన సాక్ష్యంలో చెప్పిన చోటు దాకా అని. ఆమె పేరు కూడా ఉంది.

“అయితే ఆమె ఏం జెప్పిందో దొరకాలె. గదే రుజువు.”

“సాక్ష్యాల పెట్టె ఇంకా ఎవరూ చదవలేదు భాయ్. ఆరు వందల ఫోటోలు.”

“మూడు రోజులున్నయి కదా. పరేశాన్ గాకు. ముందు మేడంకి చెప్పు.”

మా మేనేజర్ ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ ఆవిడ. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా పెంచలేదు. నేను చెప్పిందంతా విని, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది:

“తప్పు జరిగిందని నీకు ఖచ్చితంగా తెలుసా?”

“తెలియదు. సరిగ్గా చూడలేదని మాత్రం తెలుసు.”

“సరిగ్గా చూడలేదని రాసిచ్చావంటే మొత్తం పని మళ్లీ చెయ్యమంటారు. అప్పుడు నీ ఒక్కదానికే కాదు, ఈ గదిలో అందరికీ ఇబ్బంది. ఒప్పందం ప్రకారం జవాబుకి ముప్పై రోజుల గడువుంది.”

“విచారణ గురువారం.”

ఆవిడ క్యాలెండర్ తెరిచి చూసింది. నన్ను ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే వర్క్ పాస్ రెన్యూవల్ కాగితాలు ఆ వారమే ఆవిడ సంతకానికి వెళ్లాయి. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ అది మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉన్నట్టే ఉంది.

“బుధవారం సాయంత్రం ఐదింటి దాకా వెతుకు. రుజువు దొరికితే సవరణ మీద నేను సంతకం పెడతాను. దొరక్కపోతే ముప్పై రోజుల్లో జవాబిస్తామని మాత్రమే రాస్తాం.”

సాక్షుల్లో చాలామందికి ఇంగ్లీషు రాదు. కోర్టు దుబాసీని పెట్టి, వాళ్లు చెప్పింది ఇంగ్లీషులోకి మార్చి రాయించింది. గుమాస్తా అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి. సోమవారం సాయంత్రానికి ఎనభై ఫోటోలు అయ్యాయి. గొర్రెల కాపరులు, ఒక కమ్మరి, ఒక చర్చి పూజారి. ఎవరి కొండ వారికి కంఠతా వచ్చు. వితంతువు మాత్రం కనిపించలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఎస్టేటు ఏజెంటు సాక్ష్యం. హద్దు ఎక్కడ అని అడిగితే పల్లం అన్నాడు. మడత లేదు, మరక లేదు. పంత్, స్పష్టంగా. అంటే యంత్రమే కరెక్టేమో. నేను తప్పే చెయ్యలేదేమో. ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి. ఆ కాగితం మేనేజర్‌కి చూపించి, నా పేజీ సరైనదే అని రాసి, ఇంటికి వెళ్లిపోవచ్చు.

భాయ్‌ని పిలిచి చూపించాను.

“ఈయన దొర మనిషి చెల్లె. దొర మనిషి దొరకి లాభమున్న మాటే చెప్తడు. తీర్పుల ఈయన పేరుందా?”

“లేదు.”

“మరి?”

మళ్లీ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కలుపుతూ ఎక్కడో చూస్తున్నాను. మా అమ్మాయికి పన్నెండేళ్లు.

“అమ్మా, వై సో సీరియస్?”

చెప్పాను. ఒక అక్షరం తప్పు చదివానేమో, దానివల్ల ఒకావిడ గొర్రెలకి నీళ్లు లేకుండా పోయాయేమో అన్నాను.

“జస్ట్ వన్ లెటర్ లా. యూ కెన్ చేంజ్, రైట్?” అని, నా మొహంలో ఏదో పసిగట్టినట్టు అడిగింది: “ఈజ్ ఇట్ ద డే ఐ హ్యాడ్ ఫీవర్?”

“ఆ రోజే. కానీ నీవల్ల కాదు.”

“దెన్ హూ?”

“నేనే నాన్నా. ఆ పేజీలు మర్నాటికి ఉంచేసి రావాల్సింది. ఎవరూ వద్దనేవాళ్లు కాదు.”

తిన్నాక కంచం తనే కడిగి పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఆరు వందలూ అయిపోయాయి. వితంతువు లేదు. మేనేజర్ గాజు గదిలోంచి రెండుసార్లు నా వైపు చూసింది. మెడ నరాలు లాగేస్తున్నాయి. ఇక చూడ్డానికి ఏముందా అని జాబితా పైనుంచి కిందికి జరుపుతుంటే, చివర్లో యంత్రం ‘ఖాళీ పేజీ’ అని పక్కన పడేసిన ఫోటోల గుంపు కనిపించింది. వాటిని ఎవరూ తెరవరు. నేనూ అంతకుముందు ఎప్పుడూ తెరవలేదు.

తెరిచాను. చాలావరకు నిజంగానే ఖాళీ. కవర్ల వెనక భాగాలు, అట్టలు. ముప్పై ఎన్నోదో మాత్రం ఖాళీ కాదు. సిరా పూర్తిగా వెలిసిపోయి, కాగితం రంగులో కలిసిపోయింది. నలుపు తెలుపు తారుమారు చేసి, వెలుతురు తగ్గించి పెంచితే, ఒక్కో వరసా పైకి తేలడం మొదలైంది. మొదటి వరసలోనే ఆమె పేరు.

నేను పిలవలేదు. నా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకే భాయ్ లేచి వచ్చాడు. ఇద్దరం ఒక్కో మాటా పైకి చదువుతూ, ఆయన ఒకటంటే నేను కాదంటూ, నేనంటే ఆయన కాదంటూ, మూడున్నర దాటేదాకా చదివాం.

ఆమెకి డెబ్బై ఏళ్లు పైనే. దుబాసీ ద్వారా చెప్పింది. తన చిన్నప్పటి నుంచీ, తల్లి కాలం నుంచీ, ఉన్ని కత్తిరించేముందు నీళ్లకి రాళ్లు అడ్డుకట్టి గొర్రెలని కడిగిన చోటే హద్దు అంది. దొర మనుషులు ఎప్పుడూ ఆ నీళ్లు దాటి ఇవతలికి రాలేదంది. ఎలా తెలుసు అని ఎస్టేటు వకీలు అడిగితే, నడుం లోతు నీళ్లలో నిలబడి గొర్రెలను పట్టుకున్నది నేనే గనక అంది. కింద సంతకం బదులు వంకర గీత.

పల్లంలో నడుం లోతు నీళ్లు ఉండవు.

“వాగే చెల్లె,” అన్నాడు భాయ్. “తీర్పు చెప్పింది వాగే.”

మేనేజర్ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. నేను రాసిన సవరణ కూడా చదివింది. అందులో మొదటి వాక్యం: ఈ పేజీని సరిచూసింది నేను, తగినంత సమయం తీసుకోకుండా ఆమోదించాను.

“ఈ వాక్యం అక్కర్లేదు,” అంది. “చదవడంలో తేడా వచ్చింది అంటే చాలు.”

“అలా అంటే అది ఇంకా ఇద్దరి అభిప్రాయాల్లాగే ఉంటుంది. అవతలి వకీలు పట్టుకుంటాడు.”

ఆవిడ నన్ను చూసింది. తర్వాత కలం తీసి కింద సంతకం పెట్టింది.

ఐదింటికి, అక్కడ పొద్దున తొమ్మిదైనప్పుడు, వీడియో కాల్. తెర మీద ఒక గడిలో ఆర్కైవ్స్ అధికారి. ఇంకోదాంట్లో ఆ పెద్దావిడ, ఉన్ని టోపీ పెట్టుకుని, కెమెరాకి మరీ దగ్గరగా. అధికారి సంతోషంగా ధన్యవాదాలు మొదలుపెట్టాడు. నేను ఆపి, తప్పు నాదని చెప్పాను. ఎంతసేపు చూశానో కూడా చెప్పాను. మేనేజర్ నా పక్కన కదలకుండా కూర్చుంది.

పెద్దావిడ కెమెరాకి ఇంకా దగ్గరగా జరిగింది.

“మీరు మా వాగుని ఎప్పుడైనా చూశారా?” అంది.

“లేదండీ.”

“మా వంటింట్లోకి దాని చప్పుడు వినిపిస్తుంది. ఆరు వారాలుగా ఆ చప్పుడు వింటూ, బకెట్లతో కొండమీదికి నీళ్లు మోశాను.”

క్షమించండి అన్నాను. క్షమించానని ఆవిడ అనలేదు.

“ఆమె నిజంగా నడుం లోతు అందా?” అని అడిగింది.

“అంది.”

“సరే. ఈ పూటే కాగితం పంపండి.” కాల్ పెట్టేసేముందు, నేను వాగు పేరు తప్పుగా పలుకుతున్నానని చెప్పి, రెండుసార్లు పలికి చూపించింది. నా చేత పలికించింది.

గురువారం సాయంత్రం విచారణ మొదలయ్యే వేళకి నేను ఇంటికి పోయే రైల్లో ఉన్నాను. బోనా విస్టాలో రైలు మారడం మరిచి ఒక స్టేషన్ ముందుకు పోయాను. కబురు శుక్రవారం వచ్చింది. అవతలివాళ్లు మా పాత పేజీని రుజువుల్లోంచి ఉపసంహరించుకున్నారు. తుది తీర్పు వచ్చేదాకా కంచె తీసెయ్యాలని ఉత్తర్వు. కొన్ని నెలలకి తుది తీర్పూ వచ్చింది. వాగే హద్దు. ఆవిడ నాకు ఉత్తరమేమీ రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు.

నా పాస్ రెన్యూ అయింది. కానీ మేనేజర్ అన్నట్టే, ఆర్కైవ్స్ వాళ్లు మొత్తం మళ్లీ సరిచూడమన్నారు. ఆ పనికి భాయ్‌ని పెద్దగా పెట్టి, నన్ను ఓడల ప్రయాణికుల జాబితాల వైపు మార్చారు. రెండు మూడు వారాలు ఆ గదిలో కొందరు నాతో ముభావంగా ఉన్నారు. వాళ్ల ఆదివారాలు పోయింది నా వల్లే కాబట్టి నేను నొచ్చుకోలేదు.

మారేముందు మేనేజర్‌ని ఒక్కటి అడిగాను. ఆ జ్వరం రోజు నొక్కిన మిగతా నలభై రెండు పేజీలు నన్నే చూడనివ్వమని. రెండు రోజులు ఇచ్చింది. ఒక పొలం పేరులో అక్షరం పోయింది. ఇంకోచోట నేతగాణ్ణి నేను తోలు పనివాడిగా దాటించాను. ఆ రెంటి మీదా ఈ రోజు ఎవరి వ్యాజ్యమూ లేదు. రెండూ సవరించి, మళ్లీ నా పేరుతోనే రాసి ఆవిడ ముందు పెట్టాను. చదివి, సంతకం పెట్టింది.