కొత్త కంప్యూటరు మింగిన పాట

నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగేది. మూత విరిగిపోతే పురికొస కట్టి వాడాను. ఆన్ చేసి కిందికెళ్లి టీ తాగి వస్తేగాని తెర వెలిగేది కాదు. అయినా శ్రీకాకుళంలో మేడమీద గదిలో నేను నడిపే రికార్డింగ్ స్టూడియోని అన్నేళ్లూ మోసింది అదే. ఎన్నికల పాటలు, ఎరువుల దుకాణాల మైకు ప్రచారాలు, భజన బృందాల కేకలు, ఏది పోసినా పోసినట్టు తిరిగి ఇచ్చేది. నాయకుల మీద కట్టిన పాటల్లో కాస్త తినేసినా నాకు అభ్యంతరం ఉండేది కాదు, కానీ ఒక్క అక్షరం తినలేదు.

దాన్ని మార్పించింది మా బావమరిది. ఎచ్చెర్లలో ఉంటాడు. తనకి కంప్యూటర్లు తెలుసని వాడికి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మా ఇంట్లోవాళ్లు కూడా నమ్ముతారు, అదే నా కర్మ.

"బావా, ఇంకా ఈ డొక్కు పట్టుకొని ఏలాడతన్నావేటి? కొత్తదయితే నీ పని రెప్పపాటులో అయిపోతాది" అన్నాడు.

రెప్పపాటులో అయిపోవలసిన పని నాకేముంది? పాట ఎంతసేపుంటే అంతసేపు పాడాలి, అంతసేపూ వినాలి. ఈ ముక్క వాడి బుర్రకి ఎక్కేలోపే కొత్తది ఇంటికొచ్చింది. పలచగా, వెండిరంగులో, ఊపిరి చప్పుడు కూడా లేకుండా ఉంది. పాతదాన్ని స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టుకొని పట్టుకుపోయాడు. ఎవరికి అంటగట్టాడో ఇప్పటికీ చెప్పడు.

మొదటిరోజే పాటకి చిల్లులు పడ్డాయి. పాడుతుండగా టిక్కుమంటుంది, ఒక ముక్క ఎగిరిపోతుంది. పాట ఆగదు, ఆ ముక్క ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ఇంటర్నెట్‌లో అడిగితే మహానుభావులు చాలామంది దిగారు. ఒకాయన నా మైకు మార్చమన్నాడు. ఒకాయన ఇంకా పెద్ద కంప్యూటరు కొనమన్నాడు. మరొకాయన తన కంప్యూటర్లో ఏ ఇబ్బందీ లేదని చెప్పి సంతోషించాడు. ఎదుటివాడి ఇల్లు కాలుతోందంటే తన ఇల్లు చల్లగా ఉందని చెప్పడానికి పరిగెత్తుకొచ్చే జాతి ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి బావమరిదే వచ్చి బఫర్ పెంచమన్నాడు. వచ్చే శబ్దాన్ని కంప్యూటరు కాస్త పోగేసుకొని తర్వాత రాసుకుంటుంది, ఆ పోగేసే చోటే బఫర్. పెంచాను. స్టూడియోలో చిల్లులు ఆగాయి. వాడు కాలరు సర్దుకొని, మా ఆవిడ చేత రెండుసార్లు కాఫీ పెట్టించుకొని వెళ్లాడు.

ఆ వారంలోనే మా మేనత్త నుంచి ఫోనొచ్చింది. వాళ్లది శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున ఒక ఊరు. మావ జముకుల కథ చెప్తాడు. జముకంటే ఒక పక్క తోలు బిగించి, దాని నడుమ నుంచి నరం లాగిన చిన్న వాయిద్యం. చంకలో ఇరికించి నరాన్ని మీటితే జుమ్ముమని మోగుతుంది. మావ గొంతులో పుండు లేచింది. విశాఖపట్నం డాక్టర్లు గొంతుపెట్టె తీసేయాలన్నారు. తీసేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు.

"ఆస్పత్రికి ఎల్లిపోకముందే అమ్మోరి కత ఒకటి పట్టీరా" అంది అత్త. "మీ మావ గొంతు ఇంట్లో ఉండాల. మడిసుండి మాట లేకపోతే నానేటి ఇనాల?"

వాళ్ల విశాఖ ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే వెళ్లాను. మా పల్లెల్లో ఇళ్లకి ఎర్తింగ్ సరిగా ఉండదు. ల్యాప్‌టాప్‌ని గోడ ప్లగ్గులో పెడితే రికార్డింగంతా బొయ్యిమని మోత. అందుకని ప్లగ్గు పీకేసి బ్యాటరీ మీద నడుపుతాం. ఈ పక్క పల్లెలకి పాటలు పట్టడానికి వెళ్లే వాళ్లందరం చేసేదదే. పాతదాని మీద ఎప్పుడూ అలాగే చేశాను. కొత్తదాని మీదా అలాగే చేశాను.

మావ జముకు తానే పట్టుకున్నాడు. కళ్లు మూసుకొని అమ్మవారిని పిలిచి కథ ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయింది గాని అందులో జీవం తగ్గలేదు. కథ ఊపందుకుంటుండగా నా హెడ్‌ఫోన్లలో టిక్కుమంది. ఒక ముక్క పోయింది. మళ్లీ టిక్కుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యెత్తి ఆపబోతే పక్కన కూర్చున్న అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఆపకురా. అమ్మోరిని పిలిసీసినాడు. మంగళం పాడీదాకా ఆపకూడదు" అంది గొంతు తగ్గించి.

జముకుల కథకి అది కట్టుబాటు. ఎత్తిన కథ మధ్యలో దించకూడదు. నేను ఆ వెండిరంగు దరిద్రాన్ని చూస్తూ కూర్చున్నాను. మావ పాడుతున్నాడు, అది కొరుకుతోంది. అమ్మవారు ఊరి పొలిమేరకి వచ్చిన చోట కొరికింది. తల్లి బిడ్డని వెతికిన చోట కొరికింది. మంగళం అయ్యాక మావ దగ్గితే తువ్వాల్లో నెత్తురు పడింది. మళ్లీ పాడమని అడగడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు విశాఖ వెళ్లారు. ఆపరేషను అయిపోయింది.

కారణం ఆ తర్వాత తెలిసింది. కంప్యూటరు బ్యాటరీ మీదికి రాగానే తనంతట తాను పొదుపులోకి దిగుతుందట. ఎవరూ వాడటం లేదని అది అనుకున్న భాగాలకి కాస్సేపు కరెంటు ఆపేసి మళ్లీ ఇస్తుందట. మైకు తగిలించిన చోటుకి కూడా అలాగే ఆపింది. మనిషి ఆఖరిసారి నోరు విప్పి కథ చెప్తుంటే, దీనికి కరెంటు మిగుల్చుకోవడం ముఖ్యమైంది. దీన్ని తయారుచేసినవాడు పెళ్లి పందిట్లో విస్తళ్లు మిగల్చడానికి అతిథుల ముందునుంచి లాగేసే రకం అయుండాలి. అదంతా సెట్టింగుల్లో ఒక చిన్న గడిలో టిక్కు తీసేస్తే పోయే జబ్బు. తీసేశాను. తీసినప్పుడు నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఇది విని బావమరిది కొంచెం కూడా నొచ్చుకోలేదు.

"ఓస్, దీనికేనా? మావ గొంతు నమూనా ఉన్నాది కదా. ఏఐకి ఇచ్చీసినామంటే పోయిన ముక్కలు అదే పాడీస్తాది. తేడా తెలీదు బావా" అన్నాడు.

"ఒరే, నువ్వు తెచ్చిన డబ్బా మింగింది సాలదేటి? మళ్లీ వడ్డిస్తానంటన్నావు" అన్నాను.

అయినా చేయనిచ్చాను. అత్త పోగొట్టుకున్నదాని ముందు నా రోషం ఏపాటిదిలే అనుకున్నాను. వాడు మిగిలిన ముక్కల్లోంచి మాటలు ఊహించి రాసి, ఏఐతో పాడించి, చిల్లులన్నీ పూడ్చాడు. మావ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి కాస్త కోలుకున్నాక ఇద్దరం వెళ్లి వినిపించాం. మావ మెడ దగ్గర చిన్న కన్నం, దాని మీద పల్చటి తడిగుడ్డ. పీల్చినప్పుడు ఆ గుడ్డ లోపలికి, వదిలినప్పుడు బయటికి కదులుతోంది. మొదటి పూడిక వచ్చింది. నున్నగా, పొందిగ్గా, ఊరూ పేరూ లేని గొంతు. మావ అన్నం మీద ఈగని తోలినట్టు చెయ్యి విసిరాడు.

"నచ్చనేదా మావా? మారుస్తాను" అన్నాడు బావమరిది.

"ఆ గొంతెవుడిదిరా?" అంది అత్త. "మా ఇంట్లో ఎవుడిదీ కాదు. తీసీ."

తీసేశాం. మళ్లీ చిల్లులు బయటపడ్డాయి. మావ రెండు చిల్లులు విని, చూరుకి తగిలించిన జముకు దింపమని అత్తకి సైగ చేశాడు. చంకలో ఇరికించుకొని, కథ మళ్లీ మొదటినుంచి పెట్టమని నాకు వేలితో చూపించాడు. పాట తెగిన చోట నరం మీటాడు, పాట అందుకోగానే వదిలేశాడు. ఎక్కడ తెగుతుందో ఒకసారి వింటే చాలు, రెండోసారికి చెయ్యి ముందే నరం మీద ఉంటోంది. కథ చెప్పేవాడు గుక్క తిప్పుకునే చోట జముకు ఒక్కటే మోగాలి, వినేవాళ్లకి ఖాళీ తెలియకూడదు. వాళ్ల పద్ధతి అది. బావమరిది, శ్రుతి తేడాగా ఉందని ఏదో అనబోయాడు. నేను వాడి కాలు తొక్కాను.

మావ వాయించిందంతా అదే ల్యాప్‌టాప్ మీద, అదే బ్యాటరీ మీద పట్టాను. ఒక్కచోట కూడా టిక్కుమనలేదు. ఇప్పుడు బుద్ధిగా ఉంటే ఏం లాభమని దాన్ని మనసులో తిట్టుకుంటూనే, పాత కథనీ ఈ జముకు మోతనీ కలిపి మొదటినుంచి వినిపించాను. అత్త గోడకి చేరబడి వింది. మొదటి చిల్లు వచ్చింది. గొంతు ఆగింది, జముకు మోగింది, గొంతు మళ్లీ అందుకుంది.

"ఇప్పుడు బాగున్నాది. ఊపిరి తీసుకుంటన్నాడు" అంది అత్త. మావ మెడ మీది గుడ్డ ఆరిపోతే తడిపి వేయడానికి లేచింది.