జిరాక్స్ షాపు స్నేహలత నోరు

నాంపల్లి స్టేషన్ రోడ్డు మీంచి సందులోకి తిరిగితే స్నేహలత జిరాక్స్ షాపు. షాపు కనిపించడానికి ముందే ఆమె గొంతు వినిపిస్తుంది. మనిషి మంచిదే, పని మంచిదే, నోరే మంచిది కాదని సందంతా అనుకుంటుంది. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె నోట్లోంచి మాటే వచ్చేది కాదని మొగుడు నరేశ్ చెబితే ఎవరూ నమ్మరు. మరి ఆ నోరు ఎందుకట్లా తయారైందంటారా? ఒక్కరోజు ఆ కౌంటర్ వెనక కూర్చుని చూడండి, మీకూ వస్తుంది.

ఆధార్ కాపీ కోసం వచ్చినవాడు ఫోను తాళం తీసి ఆమె చేతిలో పెట్టి చాయ్ తాగడానికి పోతాడు. అబిడ్స్‌లో బట్టల దుకాణం నడిపే శ్యామ్‌సుందర్ గారు, చదువుకున్న మనిషే, ఏటీఎం కార్డు వెనక పిన్ రాసుకుని, చెరిగిపోకుండా పైన టేపు అంటించుకున్నాడు. తన కరెంటు బిల్లు కట్టిపెట్టమని వచ్చే సాయన్నయితే పదిమంది వింటుండగా తన పిన్ నంబరు గట్టిగా చదువుతాడు.

"గట్ల ఒర్రుతరా సాయన్నా? ఇంటి తాళంచెవి కూడా ఈడనే తగిలేసి పో," అంటుంది స్నేహలత.

"నువ్వేమన్న దొంగవా బిడ్డా," అని సాయన్న నవ్వుతాడు.

ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. మంచిమాటగా చెబితే నవ్వే మనుషులు, తిడితే కనీసం నాలుగు రోజులు గుర్తు పెట్టుకుంటారు. అందుకే తిడుతుంది. తాను తిట్టబట్టే ఈ సందులో ఇంకా ఎవరి ఖాతా ఊడ్చుకుపోలేదని ఆమె గట్టి నమ్మకం.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది శంకరమ్మ. మొజంజాహీ మార్కెట్ పక్కన తోపుడుబండి మీద జామకాయలు అమ్ముతుంది. బండి ఆమెది కాదు, అఫ్జల్‌గంజ్‌లో ఒకతని దగ్గర కిరాయికి తెచ్చుకుంటుంది. ఎండలో వానలో ఎవరి బండో తోసి తోసి విసిగిపోయి, సొంత బండి కొనాలని కడుపు మాడ్చుకుని నలభై వేలు కూడబెట్టింది. ఆమెకు బ్యాంకు ఖాతా తెరిపించిందీ, బండికి స్కానర్ పెట్టించిందీ, ఫోను నేర్పిందీ స్నేహలతే. ఫోనుకు మెసేజ్‌లో వచ్చే ఓటీపీ నంబరు ఎవరికీ చెప్పొద్దని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

అంత పోరితే ఏమైంది? సిలిండర్ తెచ్చిన గ్యాస్ అబ్బాయి మెసేజ్‌లో వచ్చిన నంబరు చెప్పమంటే, శంకరమ్మ చెప్పనంటే చెప్పనని తలుపేసుకుంది. సిలిండర్ వెనక్కి పోయింది. పొయ్యి వెలగక షాపుకొచ్చి కూర్చుంది.

"గ్యాస్ పిలగానికి చెప్పాలె అవ్వా. సిలిండర్ ముట్టిందని చెప్పే నంబర్ గది."

"ఎవ్వలకు చెప్పొద్దంటివి గదనే?"

"బ్యాంకుది చెప్పొద్దు. గ్యాస్‌ది చెప్పాలె."

"రెండూ గా మెసేజ్‌లనే వస్తయాయె. ఏది ఏందో నాకెట్ల ఎర్కైతది?"

న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పుడు మిషన్‌లో కాగితం ఇరుక్కుంది, కౌంటర్ ముందు జనం నిలబడి ఉన్నారు. "నీకు చెప్పుడు కన్న గోడకు చెప్పుడు నయం. బుర్రున్నదా లేదా అసలు?" అనేసింది స్నేహలత. నిలబడ్డవాళ్ళు కిసుక్కున నవ్వారు. శంకరమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చింది ఒక మంగళవారం. షాపు ఖాళీ అయ్యేదాకా రోడ్డవతల నిలబడి, అప్పుడు మెట్టెక్కింది. ఫోను కౌంటర్ మీద పెట్టి, "పైసలు కనవడ్తలేవు, జర చూడు బిడ్డా," అంది.

స్నేహలత చూసింది. శనివారం మధ్యాహ్నమే నలభై వేలూ పోయి ఖాతా ఖాళీ అయింది.

"ఎవరికి చెప్పినవ్?"

"స్కానర్ ఆఫీసు నుంచని చేసిండు. సాయంత్రానికల్లా నీ స్కానర్ బంద్ అయితది, మెసేజ్ల నంబర్, పిన్ను చెప్తే బంద్ కాకుండ చేస్త అన్నడు. గ్యాస్‌ది చెప్పాలంటివి గదా, గసొంటిదే అనుకున్న. అమ్మా అమ్మా అని ఎంత మంచిగ మాట్లాడిండో."

స్నేహలతకు కోపం నషాళానికంటింది. నోటిదాకా వచ్చిన మాటల్ని ఎట్లాగో మింగి, సైబర్ నేరాల ఫిర్యాదు కోసం 1930కి కలిపింది. అవతల ఫోను మోగుతుండగా ఆపుకోలేక అడిగింది. "శనివారం పోతే గప్పుడే రావద్దా? ఎంటనే చెప్తే పైసలు ఆపే మోక ఉంటుండె. ఇన్ని దినాలు ఏం చేసినవ్ అవ్వా?"

శంకరమ్మ తలెత్తలేదు. "అందరి ముంగట తిడ్తవని రాలే."

ఫోను ఎత్తారు. అవతలి మనిషి పేరు, బ్యాంకు, తేదీ అన్నీ నింపాదిగా అడిగి రాసుకున్నాడు. తేదీ దగ్గర ఆగాడు.

"శనివారం పోతే ఇప్పుడా చెప్పడం? ఈపాటికి ఆ డబ్బు ఎన్ని చేతులు మారిందో. ప్రయత్నం చేస్తాం, దొరుకుతుందని మాత్రం చెప్పలేను. ఆలస్యానికి కారణం ఏమిటి?"

శంకరమ్మ చప్పున స్నేహలత మోచేయి పట్టుకుంది. "జెరమొచ్చి పండుకున్నదని చెప్పు బిడ్డా," అంది గుసగుసగా. "నీ పేరెందుకు నడుమ."

బండి కోసం దాచిన డబ్బు పోయింది, ఇంకెప్పటికి కొంటుందో తెలియదు, అయినా ఈ ముసలమ్మ తన పేరు చెడకూడదని చూస్తోంది. స్నేహలతకు ఏడుపొచ్చింది.

"నేను తిడతానని భయపడి చెప్పలేదు సార్."

అవతలి మనిషి అదీ రాసుకున్నాడు.

"మీరు ఆమెకు ఏమవుతారు మేడమ్?"

"ఫోను నేర్పినదాన్ని," అంది స్నేహలత.