ఫిజీలో కాల్గరీ రాహుకాలం

మా కాల్గరీలో వీరభద్రాన్ని అడగకుండా తెలుగు పిల్లలు తుమ్మేవారు కూడా కాదు. మన విద్యార్థులు ఇక్కడి కాలేజీలకు వరదలా వచ్చిపడుతున్న రోజులవి. ముగ్గురు ఆయన బేస్‌మెంట్‌లోనే ఉండేవారు. "అంకుల్, వర్క్ పర్మిట్ ఎప్పుడు సబ్మిట్ చేయమంటారు?" అని వాళ్ళు అడగడం, ఆయిల్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఈ మహానుభావుడు తెలుగు సంఘం వాళ్ళ క్యాలెండర్ తిరగేసి సెలవివ్వడం. రాహుకాలంలో చెత్తబుట్ట కూడా బయట పెట్టని నిష్ఠ ఆయనది.

అలాంటివాడు 2023 వేసవిలో భార్యనూ కూతుర్నీ తీసుకుని ఫిజీ దీవుల్లో తెరచాప పడవ మీద తిరగడానికి వెళ్ళాడు. కోరిక సరోజనది. ఆమెది విజయనగరం వైపు. వాళ్ళ తాతమ్మ తమ్ముడు వందేళ్ళ కిందట చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి ఫిజీ పోయాడు, తిరిగి రాలేదు. ఆయన కూతురు అప్పాయమ్మ ఇంకా బతికే ఉందని సరోజన ఫేస్‌బుక్‌లో వెతికి వెతికి పట్టుకుంది. పండు ముసలి. కొడుకు ఆమెను న్యూజీలాండ్ తీసుకుపోతున్నాడు. శనివారం మధ్యాహ్నం లోపు వాళ్ళ దీవి రేవులో కలిస్తేనే కలిసినట్టు. ఆమెకని కొన్న చీరను సరోజన సూట్‌కేసులో అన్నిటికన్నా పైన పెట్టుకుంది.

పడవ నడిపేది సేరు అనే ఫిజీ మనిషి. ఫొటోల్లో చుక్కాని పట్టుకున్నది మాత్రం మన వీరభద్రమే. సంఘం వాట్సాప్‌లో "కెప్టెన్ గారూ" అని పొగడ్తలు. పడవ గదిలో కాల్గరీ క్యాలెండర్ టేపు వేసి అంటించాడు.

శనివారం పొద్దున పదిన్నరకి లంగరు తీయాలన్నాడు సేరు. ఆటు మొదలైంది, ఆలస్యమైతే దారిలో నీళ్ళుండవన్నాడు.

"కుదరదు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం," అన్నాడు వీరభద్రం.

"ఇవాళ శనివారమండీ," అంది సరోజన.

"ఇక్కడ శనివారమైతే నాకేంటి? మన క్యాలెండర్ కాల్గరీది. అక్కడ ఇంకా శుక్రవారమే."

కూతురు స్వీటీ తల పట్టుకుంది. "డాడ్, దెన్ ఇట్స్ ఫోర్ థర్టీ దేర్! రాహుకాలం ఈజ్ ఓవర్!"

వారం కాల్గరీది, గంట ఫిజీది. ఇలాంటి రాహుకాలం రాహువుకే తెలియదు. "ఏమండీ, ఆవిడ కూర్చుని ఉంటుంది," అని సరోజన బతిమాలింది. "చెడ్డ వేళలో బయల్దేరితే ఆవిడకే మంచిది కాదు," అన్నాడాయన. తర్వాత సరోజన ఇది చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండిపోయింది.

పన్నెండు దాటాక కొబ్బరికాయ కొట్టించి మరీ బయల్దేరారు. కాస్త దూరం పోయేసరికి పడవ ఇసుకలో కూరుకుని ఓ పక్కకి ఒరిగింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. సాయంత్రం పోటు వచ్చేదాకా కెప్టెన్ గారు అలాగే వాలి కూర్చున్నారు. సరోజన ఆయన వైపు చూడలేదు.

రేవు చేరేసరికి అప్పాయమ్మ లేదు, కొడుకుతో వెళ్ళిపోయింది. అక్కడి కొట్టువాడు అరటాకు పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో గారెలు. ఆమె పొద్దుటినుంచీ ఈ బల్ల మీదే కూర్చుందట. ఏదో అంటూనే ఉందట. అర్థం తెలియకపోయినా అతడు విన్నది విన్నట్టు అప్పగించాడు: "మావోలొత్తారు, మావోలొత్తారు."

మా వాళ్ళు వస్తారని. తాతమ్మ యాసే అది. సరోజన ఆ బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తిరిగొచ్చిన వారానికి బేస్‌మెంట్ కుర్రాళ్ళలో ఒకడు, తనీష్, పైకి వచ్చాడు. "అంకుల్, పీఆర్‌కి ఎప్పుడు అప్లై చేయమంటారు?"

వీరభద్రం గొంతు సవరించుకుని క్యాలెండర్ అందుకోబోయాడు.

"ఇప్పుడే పంపెయ్ నాయనా," అంది సరోజన వంటింట్లోంచి. "ఈయన మంచి వేళ చూసేసరికి నీళ్ళుండవు."

తనీష్ అక్కడే నిలబడి ఫోన్‌లో నొక్కేశాడు. అది రాహుకాలమో కాదో ఎవరూ అడగలేదు.